కొండ మీద వసూళ్ళ కాలం

మనవాళ్ళు వైరాగ్యాలు మూడన్నారు: పురాణ వైరాగ్యం, ప్రసూతి వైరాగ్యం, శ్మశాన వైరాగ్యం. మూడూ పుట్టినంత వేగంగానూ పోయేవే. అమెరికా తెలుగువాళ్ళం వీటికి నాలుగోది కలిపాం. అది అక్టోబరులో వస్తుంది. బ్లూ రిడ్జ్ పార్క్‌వే మీద ఏదో ఒక మలుపులో కార్లు ఆపుకుని, ఎదురుగా కొండ కొండంతా ఎరుపూ పసుపూ అయి వెలిగిపోతుంటే చూస్తాం. "ఎంత అందంగా వదిలేస్తున్నాయో చూడండి, మనకే చేతకాదు" అంటారు ఎవరో ఒకరు. అందరం తలూపుతాం. డిక్కీలోంచి పులిహోర గిన్నె దిగేసరికి మాట ఇళ్ళ ధరల మీదికీ పిల్లల కాలేజీ సీట్ల మీదికీ మళ్ళిపోతుంది.

నేనుండేది షార్లెట్‌లో. తెల్లారుతూనే బయల్దేరితే టిఫిన్ వేళకి కొండల్లో ఉంటాం. ఈ పార్క్‌వే పొడవు 469 మైళ్ళు, వర్జీనియాలో షెనండోవా నేషనల్ పార్కు నుంచి నార్త్ కరొలైనాలో స్మోకీ కొండల అంచు దాకా. 1935లో పని మొదలైతే, గ్రాండ్‌ఫాదర్ మౌంటెన్ నడుముని తాకీ తాకనట్టు తిప్పిన లిన్ కోవ్ వంతెనతో 1987లో పూర్తయింది. ఎక్కడా గంటకి 45 మైళ్ళు మించకూడదు, లారీలు రాకూడదు. ఎక్కడికో చేరడానికి కాదు, చూసుకుంటూ పోవడానికే వేసిన రోడ్డు. 2024 సెప్టెంబరులో హెలీన్ తుఫాను దీన్ని చాలాచోట్ల తెంపేసింది. ఆ అక్టోబరులో రోడ్డు చాలామేర మూతపడినా, నిలబడ్డ చెట్లు తమ పని తాము చేసుకుపోయాయి.

సెప్టెంబరు దాటగానే వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే ప్రశ్న, "పీక్ ఎప్పుడు?" అని. దానికి ఒక తేదీ అంటూ లేదు. 5,000 అడుగుల పైన అక్టోబరు మొదట్లోనే మొదలైన రంగు రోజుకి కాస్త చొప్పున కిందికి దిగుతుంది. లోయలకి చేరేసరికి నవంబరు తలుపు తడుతుంటుంది.

నాకు పేచీ ఉన్నది ఆ "వదిలేస్తున్నాయి" అన్న మాటతోనే. చెట్టు ఏదీ ఊరికే వదలదు. పగళ్ళు కురచై రాత్రుళ్ళు చలి తగలగానే వసూళ్ళు మొదలుపెడుతుంది. వేసవంతా ఆకు మీద పెట్టుబడి పెట్టిన నత్రజనినీ భాస్వరాన్నీ వెనక్కి లాగేసుకుంటుంది. పత్రహరితాన్ని విడగొట్టేది కూడా ఆ పనిలో భాగంగానే. నత్రజనిలో సుమారు సగం కొమ్మల్లోకీ కాండంలోకీ వేళ్ళలోకీ తిరిగొచ్చేశాక, కాడ మొదట్లో ఒక పొర కట్టి ఆకుకి దారి మూసేస్తుంది. గాలికి రాలిందని మనం అనుకునే ఆకు లెక్క అప్పటికే తేలిపోయింది. అది ఊడిన చోట పరీక్షగా చూడండి. కొమ్మ మీద చిన్న మచ్చ, ఆ మచ్చ పైనే వచ్చే ఏటి మొగ్గ. ఆ మొగ్గ వేసవిలోనే తయారై కూర్చుంది. ఇందులో సన్యాసం ఎక్కడుంది? మా ఊరి షావుకారు కూడా ఇంత ఒడుపుగా పద్దు మూసి ఉండడు.

పసుపు సంగతి తేలిక. హికరీ, ట్యులిప్ పాప్లర్ ఆకుల్లో అది వేసవి నుంచీ ఉన్నదే. ఆకుపచ్చ తొలగ్గానే పైకి కనబడుతుంది. ఎరుపు అలా కాదు. ఆంథోసయనిన్ అనే ఆ రంగుని చెట్టు చాలామటుకు చివరి రోజుల్లోనే, చక్కెర ఖర్చుపెట్టి, కొత్తగా తయారు చేస్తుంది. ఇంత పిసినారి పోయేదాని మీద ఖర్చెందుకు పెడుతున్నట్టు? శాస్త్రజ్ఞులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. 2001లో అచ్చయిన వ్యాసంలో డబ్ల్యూ.డి. హామిల్టన్, శామ్ బ్రౌన్ అది పేనుబంక లాంటి పురుగులకి చెట్టు చేసే హెచ్చరిక అన్నారు: నాకు సత్తువుంది, ఇంకో చోటు చూసుకోండి అని. నన్ను ఒప్పించింది మాత్రం రెండో వాదన. పచ్చదనం సడలిన ఆకుకి చలికాలపు ఎండ కూడా ఎక్కువే. వసూళ్ళు పూర్తయ్యేదాకా ఆకు మాడిపోకుండా పట్టిన గొడుగు ఆ ఎరుపు.

లిన్‌విల్లే జలపాతం దారిలో నాకో రెడ్ మేపుల్ ఆకు దొరికింది. అరచెయ్యంత ఉంది, కాడ దాకా ఎరుపే. మధ్యలో మాత్రం ఇంకో ఆకు ఆకారం, రంపపు అంచులతో సహా, లేత పసుపులో అచ్చు పడి ఉంది. కొమ్మ మీద దీని పైకి ఇంకో ఆకు ఒరిగి ఉండాలి. దాని నీడ పడిన మేర ఎండ తగల్లేదు. తగలని చోట ఎరుపు పుట్టలేదు. ఎరుపు ఎండతో వ్యవహారం అనడానికి నాకు ఇంకో సాక్ష్యం అక్కర్లేకపోయింది.

వదలడం చేతకాని చెట్టు ఈ కొండల్లో ఇంకోటి ఉంది, అమెరికన్ చెస్ట్‌నట్. ఒకప్పుడు అపలాచియన్ అడవిలో సుమారు నాలుగింట ఒకటి అదేనంటారు. 1904లో న్యూయార్కులో బయటపడ్డ శిలీంధ్రపు తెగులు అర్ధ శతాబ్దంలో వందల కోట్ల చెట్లని తినేసింది. ఖాళీ అయిన జాగాని ఓక్, మేపుల్ లాంటివి పంచుకున్నాయి. కాబట్టి యుగాలనాటిదని మనం మురిసే ఈ రంగుల పొందిక అంత పాతదేం కాదు. చెస్ట్‌నట్ వేళ్ళు మాత్రం చాలాచోట్ల చావలేదు. మొదట్లోంచి పిలక వేస్తాయి, అది కాస్త ఎదిగాక తెగులు మళ్ళీ పట్టుకుంటుంది, మళ్ళీ పిలక. దాని పక్కనే నిలబడి మనం త్యాగం గురించి ఉపన్యాసాలు చెప్పుకుంటున్నాం.

ఈ కొండల అసలు మనుషులు చెరోకీలు. జేమ్స్ మూనీ 1900లో ప్రచురించిన వాళ్ళ కథల సంకలనంలో ఆకురాలడం గురించి ఒకటుంది. సృష్టి మొదట్లో జంతువుల్నీ చెట్లనీ ఏడు రాత్రులు మేలుకుని ఉండమన్నారట. చెట్లలో చివరిదాకా నిలిచినవి సెడార్, పైన్, స్ప్రూస్, హాలీ, లారెల్ మాత్రమే. వాటికి ఏడాది పొడుగునా పచ్చదనం. కునుకు తీసిన మిగతావాటికి చలికాలం రాగానే జుట్టు ఊడిపోవాలని శిక్ష. చెరోకీలలో ఎక్కువమందిని 1838లో సైన్యం పడమటికి తరిమేసింది. కొండల్లో నిలిచిపోయినవాళ్ళ వారసులు ఇప్పటికీ అక్కడే ఉన్నారు. స్మోకీల్లో అన్నిటికన్నా ఎత్తయిన క్లింగ్‌మన్స్ డోమ్ శిఖరానికి తమ పాత పేరు కువోహిని 2024లో మళ్ళీ పెట్టించుకున్నారు. అదీ ఒక వసూలే, ఆలస్యంగా.

ఆ కథలోని జాగరణ అనగానే నాకు నల్లమల గుర్తొస్తుంది. శివరాత్రికి నాగలూటి, పెచ్చెరువు మీదుగా శ్రీశైలం నడిచినవాళ్ళకి తెలుసు, అప్పటికి అడవి చాలామటుకు బోడి. అడుగేస్తే ఎండుటాకులు పెళపెళమంటాయి. అక్కడ ఆకు రాలేది చలికి కాదు, నీటి ఎద్దడికి. ఎవరూ ఆగి ఫోటో తీసుకోరు. ఆ ఆకు మట్టిరంగులో పోతుంది. మన ఎరుపు దాని తర్వాత వస్తుంది, రావి చిగుళ్ళలో, మామిడి చిగుళ్ళలో, ఇప్ప చిగుళ్ళలో. అదే ఆంథోసయనిన్. పచ్చదనం ఇంకా కుదురుకోని లేతాకుకి అక్కడా అదే గొడుగు. అమెరికా కొండల్లో ముసలి ఆకుకి పట్టినదాన్ని మన కొండల్లో పసి ఆకుకి పట్టారు.

ఇన్ని తెలిశాక చూడబుద్ధవుతుందా అని మా ఆవిడ అడిగింది. ఎందుకవదు? తగ్గింది ఉపన్యాసమే. యాభై దాటినవాళ్ళకి రాలే ఆకులో తమ మొహం కనబడటం సహజం, దాన్ని నేను తప్పుపట్టను. అయితే చెట్టుని గురువుగా పెట్టుకుంటే దాని లెక్కలు కూడా ఒప్పుకోవాలి. మా బంధువు ఒకాయన "అన్నీ వదిలేశానోయ్" అంటూ వీలునామా కూడా రాయకుండా కూర్చున్నాడు. ఆయన్ని ఒకసారి పార్క్‌వేకి తీసుకెళ్ళాలి.

వెళ్ళదలిస్తే శని, ఆదివారాలు వద్దు. పీక్ దాటిపోయిందని మానుకోనూ వద్దు. నవంబరులో జనం ఉండరు, ఆకు రాలిన కొమ్మ మీద మొగ్గలు బాగా కనబడతాయి. ఇంత దూరం రాలేనివాళ్ళు ఫాల్గుణంలో మీ వీధి చివరి రావిచెట్టు కిందికి వెళ్ళి తలెత్తండి. రెండుచోట్లా టిక్కెట్టు లేదు.