సేతుధర్మము

సంస్కృతభాషలో ‘సేతువు’ అను శబ్దమునకు రెండర్థములు కలవు. నీటిని నిలుపు కట్ట సేతువు. నీటిమీదుగా మనుష్యుని దాటించు వంతెనయు సేతువే. బంధించుట యను అర్థముగల ధాతువునుండి ఈ పదము పుట్టినదని వైయాకరణులు చెప్పుదురు. చెరువుకట్ట నీటిని బంధించును, వంతెన రెండు తీరములను బంధించును. ఛాందోగ్యోపనిషత్తు ఆత్మనే సేతువని పేర్కొన్నది. లోకములు ఒకదానితో నొకటి కలసి చెడకుండ, దేనిని దాని హద్దులో నిలుపునది గనుక ఆత్మకా పేరు తగియున్నది. కావున సేతువు కట్టుట యనగా మట్టి పోయుట మాత్రమే కాదు. దేనికి తగిన చోటు దానికి మిగుల్చుటయే సేతుధర్మము.

ఈ విచారము నేడు పండితగోష్ఠికి మాత్రమే పరిమితమైనది కాదు. నల్లగొండ, మహబూబ్‌నగరు సీమలలో రహదారుల విస్తరణ చాలకాలముగా సాగుచున్నది. పూర్వము 9వ సంఖ్యతోను, నేడు 65వ సంఖ్యతోను వ్యవహరింపబడు హైదరాబాదు–విజయవాడ రహదారి 2012 నాటికి నాలుగు వరుసల బాటయైనది. దానిని ఆరు వరుసలు చేయవలెనను ప్రతిపాదనయు వచ్చినది. హైదరాబాదు చుట్టును తలపెట్టిన ప్రాంతీయ వలయ రహదారి భువనగిరి, చౌటుప్పలు ప్రాంతములమీదుగా పోవునట్లు నిర్ణయింపబడినది. ఈ బాటలన్నియు ఏదో ఒక చోట వాగును దాటవలసినవే, ఏదో ఒక చెరువు అంచున పోవలసినవే.

బాట వేయుట పుణ్యకార్యమని మన పెద్దలు చెప్పిరి. బాటకిరువైపుల చెట్లు నాటుట, చలివేంద్రములు పెట్టుట పూర్తధర్మములుగా గణింపబడినవి. చెరువు త్రవ్వించుట అంతకు మించినది. తటాకము, ధననిధి, అగ్రహారము, దేవాలయము, ఉద్యానవనము, కృతి, పుత్రుడు అను సప్తసంతానములలో తటాకము చేరియున్నది. అనగా చెరువు కన్నబిడ్డతో సమానము. మరి ఒక పుణ్యము మరొక పుణ్యమున కడ్డుపడినపుడు ఏది దేనికి దారి విడువవలెను? ఇదియే విచారింపదగిన ప్రశ్న.

ముందుగా ఈ నేల స్వభావమును తెలిసికొనవలెను. దక్షిణ తెలంగాణము రాతినేల. వాన కొద్ది, అదియు కొన్ని దినములలోనే కురియును. ఆ కురిసిన నీటిని పట్టుటకే పూర్వులు గొలుసుకట్టు చెరువులను నిర్మించిరి. పై కుంట నిండి అలుగు పారిన నీరు ఒర్రెలో పడి క్రింది చెరువును చేరును. అది నిండిన పిదప మరొకదానికి పోవును. నల్లగొండ చెంత పానగల్లులో కందూరు చోడుల కాలపు ఉదయసముద్రము నేటికిని నీటితో నిలిచియున్నది. సూర్యాపేట సమీపమున పిల్లలమర్రిలో కాకతీయ సామంతులైన రేచర్ల రెడ్లు దేవాలయములను కట్టించిరి. గుడియు చెరువును జంటగా వెలసిన సీమ ఇది. దేవుని నైవేద్యమునకు వరి కావలెను, వరికి చెరువు కావలెను, చెరువునకు ఒర్రె కావలెను.

ఆ ఒర్రెయే ఈ కథలో మిక్కిలి దుర్బలమైనది. చెరువునకు పేరున్నది, కట్టయున్నది, కట్టమీద మైసమ్మయున్నది. ఒర్రెకు తరచు పేరైనను ఉండదు. ఏడాదిలో పెక్కు నెలలు అది ఎండి, ఇసుకయు తుమ్మచెట్లుగా కనబడును. కొలతబద్ద పట్టి వేసవిలో వచ్చినవానికి అది ఖాళీనేల. కాని ఎండిన ఒర్రె చచ్చిన ఒర్రె కాదు. అది నిద్రించుచున్నది. యోగనిద్రయందున్న స్వామిని చూచి, స్వామి లేడని చెప్పువాడెవడు?

బాటను వెడల్పు చేయునపుడు మట్టి పోసి కట్టను ఎత్తుదురు. మునుపు నేలమట్టముగా పోవు దారిపై నీరు పొర్లి పోయెడిది. ఇప్పుడా ఎత్తైన కట్ట తెలియకయే ఆనకట్టయగును. దాని క్రింద సన్నని గొట్టములు మాత్రము వేసినచో పైనున్న పొలములు మునుగును, క్రిందనున్న చెరువు ఎండును. కల్వర్టు అడుగును ఒర్రె అడుగుకంటె ఎత్తుగా కట్టినను అదియే ఫలము. కట్టకు కావలసిన మొరమును చెరువు అంచులనుండియే తోడినచో నష్టము రెండింతలు. చెరువు ఎండిన ఊరిలో బోరుబావులు లోతునకు పోవును. ఇక్కడి రాతిపొరలలో ఫ్లోరైడు కలదు. ఆ నీరు త్రాగి మునుగోడు, మర్రిగూడ ప్రాంతములలో ఎముకలు వంగిన జనుల బాధ లోకవిదితము. భగీరథ పథకము నదీజలమును ఇండ్లకు తెచ్చుట గొప్ప ఉపకారమే. అయినను ఊరి చెరువు నిండిన ఏట బావులలో ఊరు నీరు, ఆ నీటివలన పశువునకు, పైరునకు కలుగు ప్రాణము వేరు.

అడ్డగింపబడిన నీరు ఊరకుండదు. ఈ రెండు జిల్లాలే అందుకు సాక్షులు. 1956 సెప్టెంబరు 2వ తేదీన జడ్చర్ల, మహబూబ్‌నగరుల నడుమ వరదకు రైలువంతెన కూలి నూరుమందికి పైగా మరణించిరి. నాటి రైల్వేమంత్రి లాల్ బహదూర్ శాస్త్రి ఆ పాపమును తన తలపై వేసికొని రాజీనామా సమర్పించెను. ప్రధాని అప్పుడు దానిని అంగీకరింపలేదు. 2005 అక్టోబరు 29వ తేదీన నల్లగొండ జిల్లాలో వలిగొండ, రామన్నపేటల నడుమ చెరువు తెగిన నీటికి చిన్న వంతెన కొట్టుకొనిపోగా, రైలు పడి మరల నూరుమందికి పైగా అసువులు బాసిరి. అవి రైలుదారులు. రహదారికిని ఆ న్యాయమే వర్తించును. 2023 జూలైలోను, 2024 సెప్టెంబరులోను నందిగామ సమీపమున ఐతవరము వద్ద మున్నేటి వరద 65వ రహదారిపై పారి రాకపోకలు నిలిచిపోయెను. ఆ దుర్ఘటనలు వేటికవి వేరు కారణములు కలవియే కావచ్చును. అయినను వానినుండి నేర్వవలసినది ఒక్కటే. పెద్ద నదికి వంతెన వేయువాడు భయముతో వేయును. చిన్న ఒర్రెకు వేయువాడు నిర్లక్ష్యముతో వేయును. ప్రాణములను ఎక్కువగా తీయునది నిర్లక్ష్యమే.

ఇచట ఒక ఆక్షేపము కలదు. దానిని తేలికగా త్రోసివేయరాదు. ఇరుకు బాటపై ఎదురెదురుగా వచ్చు బండ్లు ఢీకొని ఎన్ని కుటుంబములు కూలినవో ఆ దారిలోని ప్రతి ఊరికిని తెలియును. ప్రసవవేదనతోనున్న స్త్రీని ఆసుపత్రికి చేర్చు వాహనమునకు వెడల్పు బాట ప్రాణదానము. వృద్ధులు యాదగిరిగుట్టకు పోయి సాయంకాలమునకు ఇల్లు చేరగలుగుచున్నారన్నచో అది బాట పెట్టిన భిక్ష. మనుష్యుల ప్రాణములకంటె కప్పలు, కొంగలు, తుంగ మొలచు బురదనేల ముఖ్యమా యని అడుగువారి మాటలో దయ లేకపోలేదు.

మరికొందరు చట్టమును చూపుదురు. 2017లో కేంద్రప్రభుత్వము చేసిన చిత్తడినేలల పరిరక్షణ నియమములు, నదీమార్గములను, వరిపొలములను, త్రాగునీటికిని సేద్యమునకును మనుష్యులు కట్టిన జలాశయములను ఆ నిర్వచనమునుండి మినహాయించినవి. తెలంగాణ చెరువులు దాదాపుగా సేద్యమునకు కట్టినవే. వానికి 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టము వంటివి వేరుగ నున్నవి. అయినను చట్టము ఎచట పట్టునో, ఎచట వదలునో తేల్చుకొనుట ధర్మనిర్ణయము కాదు. చట్టము తప్పు చేసినవానిని పట్టును. ధర్మము తప్పు చేయకమునుపే చేయి పట్టుకొనును.

ఈ సంకటమునకు శ్రీమద్రామాయణమున సమాధానము కలదు. నీటిమీద బాట వేయవలసిన అవసరము శ్రీరామునికి కలిగినంత తీవ్రముగా మరెవనికిని కలుగలేదు. సీతాదేవి చెరలో నున్నది. ప్రతిక్షణమును యుగముగా గడచుచున్నది. అట్టి స్థితిలోను ఆ స్వామి సముద్రతీరమున దర్భలు పరచి, మూడు రాత్రులు శయనించి, దారి ఇమ్మని సముద్రుని ప్రార్థించెను. సముద్రుడు రాలేదు. అప్పుడు కోపించి విల్లెత్తెను. సముద్రుడు చేతులు మోడ్చి వచ్చి, పంచభూతములును తమ స్వభావమునందే నిలుచునని, లోతు తన స్వభావమని, దానిని విడువజాలనని విన్నవించెను. విశ్వకర్మ కుమారుడైన నలుడు కట్టిన సేతువును తాను భరింతునని ఉపాయమును చెప్పెను.

సముద్రుడు లొంగినది ప్రార్థనకు కాదు, బాణమునకు గదా యని అనువారుందురు. నిజమే. కాని బాణము చేత నుండగను స్వామి సముద్రుని ఎండింపలేదు. నీరు తన స్వభావమును చెప్పగా విని, ఆ స్వభావమునకు చెరుపు రాని దారిని గ్రహించెను. ఎక్కుపెట్టిన బాణము వృథా కారాదు గనుక సముద్రుడు చూపిన ద్రుమకుల్యమను చోట దానిని విడిచెను. ఆ చోటు ఎండి మరుకాంతారమైనది. రాముడు అంతటితో ముఖము త్రిప్పుకొనలేదు. ఆ నేల పశువులకు హితమై, ఫలమూలములతో, ఓషధులతో విలసిల్లునని వరమిచ్చెను.

ఈ కథ నుండి మూడు విధులు తేలుచున్నవి. మొదటిది, అడుగుట. అవసరమెంత గొప్పదైనను అడుగుట మానరాదు. రెండవది, నీటి స్వభావమును ఎరిగి కట్టుట. నలుని వంటి నేర్పరి ఉన్నది అందులకే. మూడవది, తప్పనిసరియై ఎండజేసిన చోటును మరల పచ్చన చేయుట. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లోపించినను బాట వేసిన పుణ్యము నిలువదు. మనుష్యుల ప్రాణమా, బురదనేలయా అను ప్రశ్నయే సరియైనది కాదు. రాముడు సీతను విడువలేదు, సముద్రమును ఎండింపలేదు.

సముద్రుడు రాముని ఎదుట పలికెను. ఒర్రె ఇంజనీరు ఎదుట పలుకునా? పలుకును, వినువారుండవలెను. చెరువు తూము ఎత్తి దించు నీరటి నోట పలుకును. ఏ ఏట వరద ఏ గట్టు దాటెనో ఎరిగిన ముసలి రైతు నోట పలుకును. శిఖము భూమి ఎంతవరకో చూపు పాత నకాసులలో పలుకును. చెట్టు మొదట చిక్కుకొన్న చెత్తలో పలుకును. బాట గీత గీయకమునుపు వానకాలమున ఒకమారు ఆ దారిన నడచి, ఆ నోళ్లను అడుగుటయే నేటి దర్భశయనము. అడిగినవానికి ఎచట బాటను కొంత ప్రక్కకు త్రిప్పవలెనో, ఎచట గొట్టమునకు బదులు వెడల్పైన వంతెన కట్టవలెనో, ఎచట మొరము తోడరాదో తెలియును. వ్యయము పెరుగుననుట నిజము. కాని ఆ వ్యయము నేడు బాట వేయువాడు పెట్టనిచో, రేపు పొలము మునిగిన పేదరైతు పెట్టవలసివచ్చును. ఒకని త్వరకు వేరొకనిచేత వెల కట్టించుట ధర్మము కాదు.

దోషమంతయు బాట వేయువారిదే యనుకొనుటయు పొరపాటు. బాట వచ్చిన వెంటనే ప్రక్కభూమికి ధర పెరుగును. అప్పుడు కుంటను పూడ్చి దుకాణము కట్టువాడు ఇంజనీరు కాదు, మన ఇరుగుపొరుగువాడే. ఒర్రెను దున్ని తన మడిలో కలుపుకొనువాడును గృహస్థుడే. ఆ ఇంటిలోను నారాయణునికి తులసీదళములు సమర్పింపబడుచునే యుండును. నారములనగా జలములు, అవి నివాసముగా గలవాడు గనుక నారాయణుడని ఆ నామమునకు ఒక వ్యుత్పత్తి. నీటిని వెళ్లగొట్టి, నీటియందుండువానిని లోనికి పిలుచుట ఎట్లు పొసగును?

యాత్రికుడును ఈ ఋణమునుండి తప్పించుకొనలేడు. మూసీ కృష్ణలో కలియు వాడపల్లికి పోయి నృసింహుని దర్శించువాడు, పేదల తిరుపతియని పేరొందిన మన్యంకొండ మెట్లెక్కువాడు, 44వ రహదారి కృష్ణను దాటు చోట బీచుపల్లి ఆంజనేయునికి మ్రొక్కువాడు ఈ బాటలమీదనే పోవుచున్నాడు. త్వరగా చేరిన సుఖము తనదైనపుడు, ఆ త్వరవలన ఎండిన చెరువును గూర్చి అడుగు బాధ్యతయు తనదే. గ్రామసభలో, విస్తరణకై జరుగు ప్రజాభిప్రాయ సేకరణలో ఒర్రె పక్షమున ఒక మాట పలుకుట, తన పొలమున గల నీటిదారిని పూడ్చకుండుట, ఆలయ కోనేటికి నీరు వచ్చు కాలువను ఏటేట తోడి ఉంచుట, ఇవియు కైంకర్యములే.

తీర్థమను పదమునకు మొదటి అర్థము నీటిని దాటుటకు వీలగు రేవు. దాటుట యను అర్థముగల ధాతువే దానికి మూలము. నీరున్న చోటనే దాటుట, దాటుట యున్న చోటనే తీర్థము. నీటినే లేకుండ చేసికొని పోవు యాత్ర ఎంత వేగముగ సాగినను తీర్థయాత్ర యెట్లగును? బాట వెడల్పగుగాక. దాని క్రింద నీటికిని దారి ఉండుగాక. ఆ దారిని కాపాడు బుద్ధిని జలశాయియైన శ్రీమన్నారాయణుడు ఎల్లరకు ప్రసాదించుగాక.