వెంటిలేటరు తెచ్చిన ప్రశ్న

ఆగస్ట్ కాంట్ ఆషామాషీ మనిషి కాదు. సమాజాన్ని కూడా శాస్త్రంలా అధ్యయనం చేయొచ్చని యూరప్‌కు నేర్పిన ఫ్రెంచ్ తత్వవేత్త. అంతటివాడు 1835లో మనిషి తెలివికి ఒక హద్దు గీశాడు. నక్షత్రాల దూరం, ఆకారం, గమనం లెక్కగట్టొచ్చు గానీ అవి ఏ పదార్థాలతో తయారయ్యాయో మాత్రం ఎన్నటికీ తెలియదన్నాడు. అక్కడిదాకా వెళ్లి గుప్పెడు మట్టి తెచ్చేదెవరు? ఆనాటికి ఆ వాదనలో లోపం పట్టడం కష్టమే.

కాంట్ 1857లో పోయాడు. రెండేళ్లకే హైడెల్‌బర్గ్‌లో కిర్కాఫ్, బున్సెన్ అనే శాస్త్రవేత్తలు కలిసి, మండే ప్రతి మూలకమూ వెలుతురులో తనవైన గీతలు వదులుతుందని తేల్చారు. మంటలో వేసిన ఉప్పులోని సోడియమైనా, సూర్యుడిలోని సోడియమైనా ఆనవాలు ఒకటే. మట్టి తేనక్కర్లేదు, కబురు వెలుగే మోసుకొస్తోంది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం తెలుగు నేల మీదుగా సాగుతుందని తెలిసి, ఫ్రాన్స్ నుంచి ఖగోళవేత్త జాన్సెన్, వెలుగును గీతలుగా విడదీసి చూపే స్పెక్ట్రోస్కోపుతో గుంటూరు చేరింది అందుకే. మద్రాసు వేధశాలకు చెందిన పాగ్సన్ మచిలీపట్నంలో కాచుక్కూర్చున్నాడు. గ్రహణపు చీకటి ఐదారు నిమిషాలే. సూర్యుడి అంచున ఎగసే జ్వాలలు మండే వాయువులేననీ, అందులో హైడ్రోజన్ ఉందనీ ఆ కాస్త వ్యవధిలోనే తేలిపోయింది. గీతలు అంత ప్రకాశంగా ఉంటే గ్రహణం లేకపోయినా చూడొచ్చు కదా అనిపించింది జాన్సెన్‌కు. మర్నాడు చూశాడు కూడా.

ఆ జ్వాలల వెలుగులో ఒక పసుపు గీత మాత్రం తెలిసిన ఏ మూలకానికీ సరిపోలలేదు. ఇంగ్లండ్‌లో లాకియర్ అనే ఖగోళవేత్త దాని వెంటపడ్డాడు. అదే హీలియం. భూమ్మీద అది చేతికి చిక్కడానికి 1895 దాకా, రసాయన శాస్త్రవేత్త రామ్సే ప్రయోగాల దాకా ఆగాల్సి వచ్చింది. హీలియం గుంటూరులోనే బయటపడిందని మనవాళ్లు చెప్పుకోవడంలో కొంత ఊరి అభిమానం ఉంది. పసుపు గీతను ముందు గుర్తించిన ఘనత ఎవరిదన్న తగవు ఇంకా ఉంది. కాంట్ గీసిన హద్దు చెరిగిపోయిందనడంలో మాత్రం తగవేమీ లేదు.

ఇలాంటి కథలు నాలుగు చెప్పి, ఇవాళ తెలియనిది రేపు తెలిసి తీరుతుందని తేల్చేయడం విజ్ఞానాభిమానులకు అలవాటు. 1930 సెప్టెంబరులో క్యోనిగ్స్‌బర్గ్‌లో గణితవేత్త హిల్బర్ట్ ఆ ధీమాతోనే ప్రసంగించాడు. విచిత్రమేమిటంటే, ముందురోజే అదే ఊళ్లో పాతికేళ్లు నిండని గోడెల్ అనే కుర్రవాడు, అంకగణితాన్ని ఇముడ్చుకునే ఏ సుసంగత పద్ధతిలోనైనా దానికి నిరూపణ అందని సత్యాలు మిగిలే ఉంటాయని బయటపెట్టాడు. దీన్ని పట్టుకుని ఆత్మనూ పరమాత్మనూ రుజువు చేయబోయేవాళ్లు ఉన్నారు. గోడెల్ చెప్పింది ఆ సంగతి కాదు.

మనిషికి అసలు చిక్కు ఇంకోచోట ఉంది. అది తెలియకపోవడం వల్ల వచ్చేది కాదు, తెలిసినకొద్దీ వచ్చేది.

1952లో కోపెన్‌హాగన్‌లో పోలియో విరుచుకుపడింది. ఊపిరి కండరాలు చచ్చుబడి జనం చనిపోతుంటే, ఇబ్సెన్ అనే మత్తు వైద్యుడు రోగి గొంతుకు చిన్న రంధ్రం చేసి, గొట్టం పెట్టి, సంచితో గాలి కొట్టించాడు. ఆ సంచులను వైద్య విద్యార్థులు వంతులవారీగా రాత్రింబవళ్లు నొక్కారు. మరణాలు బాగా తగ్గాయి. నేటి ఐసీయూకి పునాది అదే. ఆ వెనకే మునుపెన్నడూ లేని ఒక స్థితి వచ్చిపడింది: మెదడు పూర్తిగా పాడైపోయింది, గుండె మాత్రం కొట్టుకుంటోంది, ఒళ్లు వెచ్చగానే ఉంది. అంతకుముందు ఊపిరి ఆగితే గుండె ఆగేది, పెద్దగా మీమాంస లేదు. ఇప్పుడీ మనిషి ఉన్నట్టా, పోయినట్టా?

మత్తు వైద్యులు ఈ ప్రశ్నను పోప్ పన్నెండో పయస్ ముందుంచారు. 1957 నవంబరులో ఆయన జవాబిచ్చాడు. అసాధారణ చికిత్సను కొనసాగించి తీరాల్సిన పని లేదన్నాడు. మరణ ఘడియను నిర్ణయించడం మాత్రం చర్చి పరిధిలోది కాదు, అది వైద్యులదేనన్నాడు. కఠోపనిషత్తులో నచికేతుడు చావు తర్వాతి సంగతి అడిగితే, మరో వరం కోరుకొమ్మని సాక్షాత్తూ యముడే బతిమాలాడు. పోప్ కూడా అలాగే తప్పించుకున్నాడని అనడం తేలిక. తన పరిధి ఎంతవరకో చెప్పగలిగిన మతాధిపతిగా చూడటమే న్యాయం.

ప్రశ్న వైద్యుల ఒడిలో పడింది. 1967 డిసెంబరులో కేప్‌టౌన్‌లో బర్నార్డ్ అనే సర్జన్ తొలిసారి మనిషి గుండెను మరొకరికి మార్చడంతో తొందర పెరిగింది. 1968 ఆగస్టులో, అంటే గుంటూరు గ్రహణానికి నూరేళ్లకు, మెదడు మరణాన్ని నిర్వచిస్తూ మత్తు వైద్యుడు బీచర్ అధ్యక్షతన హార్వర్డ్ కమిటీ నివేదిక వచ్చింది. ఆ కమిటీలో డాక్టర్లతోపాటు న్యాయ నిపుణుడూ, మత శాస్త్రజ్ఞుడూ కూర్చున్నారు. స్పందన లేదు, కదలిక లేదు, సొంతంగా ఊపిరి లేదు, ప్రతిచర్యలు లేవు. 24 గంటల తర్వాతా అంతే అయితే మరణించినట్టే. కారణాలు కూడా దాచుకోలేదు. కుటుంబాల మీదా ఆసుపత్రుల మీదా పడే భారం ఒకటి, అవయవాల సేకరణలో పాత నిర్వచనం తెచ్చే వివాదం రెండోది.

తేడా ఇక్కడే. సూర్యుడిలో ఏముందో సూర్యుడి వెలుగే చెప్పింది. మెదడులో ఏ పని ఆగిపోయిందో పరీక్ష చెబుతుంది. ఏది ఆగితే మనిషి పోయినట్టు లెక్కించాలో ఆ పరీక్షలో లేదు. ఉన్నదాన్ని ఎంత వివరించినా ఉండవలసినది దానంతటది పుట్టదని తత్వవేత్త హ్యూమ్ ఎప్పుడో పద్దెనిమిదో శతాబ్దంలోనే అన్నాడు. అలాగని ఎవరికి తోచింది వాళ్లు చెప్పొచ్చని కాదు. బ్రెయిన్ డెడ్ అయినవాడు రేపో మాపో లేచి కూర్చుంటాడనేది వేరే నైతిక దృష్టి కాదు, తప్పుడు సమాచారం. హద్దుకు ఇటువైపు తప్పొప్పులు ఉన్నాయి.

అటువైపు వెళ్తే ఎలా ఉంటుందో అమెరికా చూసింది. 2013 డిసెంబరులో కాలిఫోర్నియాలో ఒక 13 ఏళ్ల అమ్మాయి బ్రెయిన్ డెత్‌తో మరణించినట్టు డాక్టర్లు ధ్రువీకరించారు. కుటుంబం ఒప్పుకోలేదు. మత విశ్వాసం కారణంగా మెదడు మరణాన్ని కాదనే వీలు న్యూజెర్సీ చట్టంలో ఉంది కాబట్టి అక్కడికి తరలించారు. 2018 జూన్‌లో ఆమె గుండె ఆగింది. మరణ పత్రాలు రెండు, రాష్ట్రాలు రెండు, మనిషి ఒక్కరే.

మన దేశంలో ఈ విడ్డూరానికి రాష్ట్రం మారనక్కర్లేదు. 1994 నాటి అవయవ మార్పిడి చట్టం ప్రకారం నలుగురు డాక్టర్ల బృందం, కనీసం ఆరు గంటల తేడాతో రెండుసార్లు పరీక్షించి బ్రెయిన్ డెత్‌ను నిర్ధారించాలి.  1969 నాటి జనన మరణాల నమోదు చట్టంలో మాత్రం మెదడు ప్రస్తావనే లేదు. జీవ లక్షణాలన్నీ శాశ్వతంగా పోవడమే అందులో మరణం. కుటుంబం అవయవదానానికి సంతకం పెడితే ఒక చట్టం, పెట్టకపోతే ఇంకో చట్టం. రెండో సందర్భంలో వెంటిలేటరు తీయడానికి డాక్టరు జంకుతాడు. మిషన్ నడుస్తూ ఉంటుంది, బిల్లు పెరుగుతూ ఉంటుంది. దానం చేసినా చేయకపోయినా బ్రెయిన్ డెత్ నిర్ధారణ ఒకే తీరున జరగాలంటూ కేరళ ప్రభుత్వం 2020లో మార్గదర్శకాలు ఇచ్చింది.