నిర్దోషులకే దక్కే జాలి

వ్యసనం అన్న మాటకు మన సంప్రదాయంలో ఒక పాత జాబితా ఉంది. విదురనీతి చెప్పే సప్తవ్యసనాల్లో జూదం, పానం, వేట, పరుషవాక్కు, కఠినదండన, ధనాన్ని వృథా చేయడం, వీటితో పాటు స్త్రీ కూడా ఉంది. అంటే వ్యసనపరుడు ఎప్పుడూ పురుషుడే. స్త్రీ అతన్ని పట్టుకునే వ్యసనాల్లో ఒకటి. ఆమెకే ఒక వ్యసనం పట్టుకోవచ్చునన్న ఊహకు ఆ జాబితాలో చోటు లేదు. తాగుడు గురించి మనం ఈనాటికీ మాట్లాడే పద్ధతిలోనూ ఆ చోటు ఏర్పడలేదు. ఆ లోటును ఎక్కువగా అనుభవిస్తున్నది తాగుడు మానాలని ప్రయత్నించే స్త్రీలు.

ఉప్పల్, నాచారం పారిశ్రామికవాడల చుట్టూ ఉన్న కార్మిక బస్తీల్లో మగవాడి తాగుడు అందరి ముందూ జరిగే విషయం. అతను డీఅడిక్షన్ సెంటరుకు వెళ్ళి రావడమూ అంతే. "మారిండు" అని నలుగురూ మెచ్చుకుంటారు. నాచారంలో నాకు పరిచయమున్న ఒకామె ప్యాకింగ్ పనికి పోతుంది. కల్లు మానడానికి ఎర్రగడ్డ ఆసుపత్రిలో కొన్ని వారాలు ఉండి వచ్చింది. ఉప్పల్‌లో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో మారితే చేరుకోగలిగిన చోటే అది. కానీ హైదరాబాదు మాటల్లో ఎర్రగడ్డ అంటే తిట్టు. అందుకే ఆమె తల్లిగారింటికి పోయిందని ఇంట్లోవాళ్ళు చెప్పుకున్నారు. "నేను తాగుడు బస్తీ మొత్తానికి ఎర్కనే అక్కా. బంద్ చేసుడు మాత్రం ఒక్కలకు గూడ ఎర్క లేదు" అంది నాతో. అతను మానడం అతని గౌరవాన్ని పెంచింది. ఆమె మానడం దాచిపెట్టవలసిన విషయమైంది.

కల్లు తాగడమే ఇక్కడ స్త్రీలకు ఎప్పుడూ తప్పయిందని కాదు. తెలంగాణ శ్రామిక కులాల్లో పండుగకూ పబ్బానికీ, పని అలసటకూ ఆడవాళ్ళు కల్లు తాగడం మామూలు విషయం. దాన్ని సిగ్గుపడవలసిన పనిగా చూపింది అగ్రవర్ణ, మధ్యతరగతి మర్యాద. నగరానికి వచ్చి, పిల్లలను ఇంగ్లీషు మీడియంలో వేసి, ఆ మర్యాదను అందుకోవాలనుకునే కుటుంబంలోనే ఈ సిగ్గు మరింత బలంగా పనిచేస్తుంది.

మన ఉద్యమ చరిత్ర కూడా ఇక్కడ మనకు పూర్తిగా తోడు రాదు. నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలై 1992 నాటికి రాష్ట్రమంతా అల్లుకున్న సారా వ్యతిరేక ఉద్యమం 1993లో సారా నిషేధానికీ, 1995లో సంపూర్ణ మద్యనిషేధానికీ దారితీసింది. ఆ స్త్రీలు సారాలో రాజ్యాన్నీ, కాంట్రాక్టర్లనూ, కూలి డబ్బుల దోపిడీనీ చూశారు. కానీ పత్రికలూ పార్టీలూ వాళ్ళను తమకు కావలసిన రూపాల్లో మలుచుకున్న తీరును సూసీ థారు, తేజస్విని నిరంజన 1990ల్లోనే విశ్లేషించారు. చివరికి జ్ఞాపకంలో మిగిలింది తాగుబోతు భర్త, అతన్ని ఎదిరించే సతి. ఆ బొమ్మలో తాగే స్త్రీ లేదు. 2019లో వెలువడిన ఎయిమ్స్ జాతీయ సర్వే ప్రకారం దేశంలో మద్యం తీసుకునే పురుషులు 27.3 శాతం, స్త్రీలు 1.6 శాతం. తేడా నిజమే. కానీ ఇంటికి వచ్చి అడిగిన మనిషికి, అత్తమామలు వింటుండగా ఎంతమంది స్త్రీలు ఉన్నదున్నట్టు చెప్పగలరు?

హైదరాబాదులో 2004లో మూతపడ్డ కల్లు దుకాణాలు 2014లో మళ్ళీ తెరుచుకున్నాయి. 2015 సెప్టెంబరులో కల్తీ కల్లుపై దాడులు జరిగినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వందలాది మంది ఆసుపత్రుల పాలయ్యారు. వాళ్ళను పడగొట్టింది కల్లు ఒక్కసారిగా దొరక్కపోవడం. కల్లులో కలిపే అల్ప్రాజోలం, డైజీపాం వంటి మత్తుమందులకు శరీరం అలవాటు పడిపోతుంది. ఉన్నట్టుండి ఆపితే చేతులు వణుకుతాయి, నిద్ర పోతుంది, ఫిట్స్ వస్తాయి, లేనివి కనబడతాయి. వైద్యుల పర్యవేక్షణలో మోతాదు మెల్లమెల్లగా తగ్గించుకుంటూ రావాలి. 2025 జూలైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు ప్రాణాలు తీసినప్పుడు మృతుల్లో స్త్రీలూ ఉన్నారు.

ఇలాంటి ప్రతి సందర్భంలోనూ లోకం జాలి పడింది. "పాపం, అందులో ఏం కలిపారో వాళ్ళకేం తెలుసు" అంది. ఆ జాలి నిజమైనదే. అయితే దానికొక షరతు ఉంది: బాధితురాలికి ఏమీ తెలిసి ఉండకూడదు. నాచారంలోని ఆమెకు తెలుసు. మొదట్లో తెలియకపోయినా, తాగని రోజు ఒళ్ళు చెప్పింది. తెలిసీ వెళ్ళింది. తెలియడానికీ ఆపగలగడానికీ మధ్య ఎంత దూరం ఉంటుందో ఆ ఒంటికే తెలుసు. ఆమెకు మన జాలిలో వాటా లేదా?

ఈ షరతును స్త్రీవాదులు ఇదివరకే ఎదుర్కొన్నారు. 1978లో నల్లకుంట పోలీస్ స్టేషన్ ఉదంతంలో రమీజాబీ వ్యభిచారి అని నిరూపించడానికి ఎంత ప్రయత్నం జరిగిందో మనకు తెలుసు. ముక్తదర్ కమిషన్ పోలీసులను దోషులుగా తేల్చినా, 1981లో రాయచూరు కోర్టు వాళ్ళను వదిలిపెట్టింది. శీలవతి అయితేనే ఆమెకు అన్యాయం జరిగినట్టు అన్న వాదాన్ని మన ఉద్యమం తిప్పికొట్టింది. ఆమె ఎవరైనా కావచ్చు, ఆమె శరీరంపై హక్కు ఆమెదే అని నిలబడింది. రెండూ ఒకే రకం అన్యాయాలని నేననడం లేదు. జాలికి ముందు నిర్దోషిత్వ ధృవపత్రం అడిగే అలవాటు మాత్రం రెండుచోట్లా ఒకటే.

అలాగైతే బాధ్యత మాటేమిటని ఎవరైనా అడగవచ్చు. ఆమె కూతురు ఆకలితో పడుకున్న రాత్రులున్నాయి. ఆ మాట చెప్పింది ఆమే. దానికి ఆమె కూతురికి జవాబు చెప్పుకోవాలి, చెప్పుకుంటోంది. బస్తీకీ, ఆడపడుచులకూ, వ్యాసాలు రాసుకునే మనకూ ఆమె బాకీ లేదు. జవాబుదారీతనానికి ఒక చిరునామా ఉంటుంది, ఎప్పటికో ఒకప్పటికి తీరుతుంది. కళంకం ఎవరికి తీర్చాలో తెలియదు, ఎంత తీర్చినా తీరదు.

దీన్ని జబ్బుగా గుర్తిస్తే చాలునన్నది మరో వాదం. చట్టం ఆ మేరకు ముందుకు వచ్చింది. 2017 మానసిక ఆరోగ్య పరిరక్షణ చట్టం మద్యం, మత్తుమందుల వల్ల వచ్చే స్థితులను మానసిక అనారోగ్యంలో చేర్చి, శారీరక జబ్బులతో సమానంగా చూడాలంది. అది అవసరమే. కానీ జబ్బు పేరే తిట్టుగా మారిన చోట జబ్బు అనడం మచ్చను చెరపదు. కోలుకునే పద్ధతుల్లోనూ మగవాడి అనుభవమే కొలమానం. 1935లో అమెరికాలో మొదలైన ఆల్కహాలిక్స్ అనానిమస్ తన నిస్సహాయతను ఒప్పుకోమంటుంది, అహం వదులుకోమంటుంది. వదులుకోవడానికి అహమే మిగలని స్త్రీకి ఇది సరిపడదని జీన్ కర్క్‌పాట్రిక్ 1970ల మధ్యలో విమెన్ ఫర్ సోబ్రయిటీ స్థాపించింది. స్త్రీకి కావలసింది తన మీద తనకు నమ్మకం అంది.

కాబట్టి కోలుకున్న స్త్రీ నుంచి మనం పశ్చాత్తాప కథ కోరడం మానాలి. ఆమె మళ్ళీ మంచి భార్య, మంచి తల్లి అయిందన్న ముగింపు మన కథల్లోనూ తగ్గాలి. మళ్ళీ తాగితే ఆ ముగింపే ఆమెకు మరో శిక్ష అవుతుంది. పిల్లలతో సహా ఉండి చికిత్స పొందగలిగే చోట్లు, నెల్లాళ్ళు ఆగే ఉద్యోగం, అత్తవారింటి అనుమతి అక్కర్లేని వైద్యం, వీటిని హక్కులుగా అడగాలి. సెలవుచీటీలో టైఫాయిడ్ అని రాసినంత తేలికగా ఒక స్త్రీ అసలు కారణం రాయగలిగి, తిరిగి వచ్చి అదే బల్ల దగ్గర పనిలో కూర్చోగలిగిన రోజు ఈ మచ్చ కొంత చెరిగిందనుకోవచ్చు.