చంచలచిత్తము – అపరాధమా?

పూజ ముగియకముందే లేచి పరుగెత్తు బాలుని “భయభక్తులు లేనివాడ”ని పెద్దలు మందలింతురు. అది నిజముగా అపరాధమేనా? 1902లో లండను నగరమున జార్జి స్టిల్ అను శిశువైద్యుడు, తెలివికి లోటు లేకున్నను నిలుకడ లేని పిల్లలను వర్ణించుచు, వారియందు నైతికనిగ్రహము లోపించినదనెను. నేడు ఏ.డి.హెచ్.డి. యని పిలువబడు ఈ స్థితి మెదడు వికాసమునకు సంబంధించినదనియు, చాలవరకు వంశానుగతమనియు వైద్యులు తెలిసికొనిరి. పెంపకము దీనికి మూలము కాదు; పాపము, నింద మోయువారు మాత్రము తల్లులే! పలువురిలో ఇది పెద్దవయసునను నిలిచియుండును. ఇచ్చిన మాట మరచుట, చేపట్టిన పని నడుమ విడుచుట వారికి నిత్యవేదన.

అపరాధము కానిచో బాధ్యతయు లేదా? గీత ఆరవ అధ్యాయమున మనోనిగ్రహము దుష్కరమని అర్జునుడు మొరపెట్టుకొనగా, శ్రీకృష్ణుడు కోపింపలేదు. ఔనని అంగీకరించియే అభ్యాస వైరాగ్యములను ఉపదేశించెను. కష్టమని ఒప్పుకొన్నంత మాత్రమున కర్తవ్యము తొలగిపోలేదన్నమాట.

ఒక్కమారు ఒక్క పనియే చెప్పుట, చేసిన వెంటనే మెచ్చుకొనుట, అవసరమైనచో వైద్యుని సలహాపై మందు వాడుట ఇట్టి అభ్యాసమునకు తోడ్పడును. పెద్దలైనవారు చీటీని, గడియారపు గంటను ఆశ్రయించుట సిగ్గుపడవలసిన పని కాదు. ఇక బాలుని సహస్రనామము ముగియువరకు కదలక కూర్చుండుమనుటకంటె, తులసీదళములు ఒక్కొక్కటిగా అందించు పని అతనికి అప్పగించుట మేలు.