రెండు బోర్లు

వర్ని దగ్గర ఒక రైతు. నిజాంసాగర్ కాలువ చివరి మడి ఆయనది. మంజీర మీద 1931లో పూర్తయిన ఆ ప్రాజెక్టు నిండినా, నీళ్లు ఆయన గట్టు దాకా వచ్చేసరికి నాట్ల అదును దాటేది. విసిగి బోరు వేయించాడు. నీళ్లు పడ్డాయి. మరుసటి ఏడు ఆ మడిని అడిగేవాళ్లూ పెరిగారు, ఎకరం ధరా పెరిగింది.

అదే ఇంట్లో 2009 నాటి డీజిల్ కారు, ఏపీ 25 నంబరుది. పదిహేనేళ్లు నిండి 2024లో ఆర్‌సీ ఇంకో ఐదేళ్లకు రెన్యువల్ అయిందో లేదో, సైలెన్సర్ నీలిపొగ కక్కడం మొదలుపెట్టింది. బోధన్ మెకానిక్ విప్పి చూసి, "ఇంజన్ బోరుకొచ్చింది పటేలా" అన్నాడు. సిలిండర్లకు బోరు చేయించి, పిస్టన్లు, రింగులు, బేరింగులు కొత్తవి వేస్తే 85,000 అయింది.

"పొలంల బోరేస్తే ధర పెరిగె. కారుకు బోరు చేపిస్తే పెరగదా?" అనుకున్నాడు రైతు. అలాంటి బండ్లు 1,40,000కు పోతుంటే దానికి 85,000 కలిపి 2,25,000 చెప్పాడు.

మొదట వచ్చినవాడు ఇంజన్ ఆన్ చేయించి, ఆయిల్ మూత తీసి చూశాడు. పొగ లేదు. అయినా "ఇంజన్ ఇప్పిన బండా?" అని బైకెక్కి వెళ్లిపోయాడు. రెండోవాడు అదే మాట అని 1,10,000 దగ్గర ఆగాడు. జబ్బు నయం చేయించుకున్నందుకే సంబంధం తప్పిపోయినట్టుంటుంది ఆ మాట, అమ్మేవాడికి.

రైతు పోయి మెకానిక్‌ను నిలదీశాడు.

"పటేలా, భూమి ముసలిదైతదా? బండి అయితది. ఇంజన్ కొత్తగైనా గేర్‌బాక్సు, వైరింగు 2009వే గదా. పొగతోని అమ్మితే 70,000 గూడ రాకపోతుండె. ఇప్పుడు ఆగి అమ్మితే 1,30,000 దాక వస్తయ్. పెట్టిన 85,000ల 60,000 వచ్చినట్టే. తక్కినయి నువ్వు బండిల తిరిగి వసూలు చేసుకోవాలె."

నీతి: పెద్ద రిపేరు బండిని దాని వయసుకు తగ్గ ధర దాకా లేపుతుంది, వయసు మాత్రం తగ్గించదు. అందుకే అమ్మకానికి ముందు ఇంజన్ పని చాలాసార్లు నష్టమే. ఇంకా కొన్నేళ్లు నడుపుకునేవాడికి కాదు. చేయించింది దాచితే అనుమానం రెట్టింపవుతుంది, కొనేవాడి మెకానిక్‌కు బోల్టుల మీద పానా గీతలు కనపడనే కనపడతాయి. బిల్లులు చూపించి, పని చేసినవాడితో ఫోన్లో మాట్లాడిస్తే బేరం కాస్త మెత్తబడుతుంది.

రైతు మరి కారు అమ్మలేదు. బిల్లులు పట్టాదారు పాసుబుక్కుల సంచిలో పెట్టాడు. ఎవరైనా అడిగితే, "2029 దాక ఆర్‌సీ ఉన్నది, అప్పుడు చూద్దాం" అంటున్నాడు.