వేసవి వెలితి

ఇతరులు ఎక్కడో ఆనందంగా గడుపుతున్నారని, ఆ ఆనందంలో తనకు చోటు లేకుండా పోతోందని మనిషిని లోలోపల తొలిచే ఆందోళనను మనోవిజ్ఞానశాస్త్రం ఫోమో అంటుంది. అది ఏ ఋతువులోనైనా పుట్టగలదు గాని వేసవిలో దాని బలం హెచ్చు. ఏడాది పొడుగునా చదువుకూ ఉద్యోగానికీ లోబడి వాయిదా పడిన కోరికలన్నీ ఆ కొద్ది వారాల మీదకే వచ్చి పడతాయి. 2025లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పాఠశాలలకు ఏప్రిల్ 24 నుంచి జూన్ 11 వరకు, అంటే 49 రోజులు, వేసవి సెలవులు ఇచ్చారు. లెక్కకు అవి తక్కువేమీ కావు; కాని పెద్దలకు దొరికే సెలవు, చేతిలోని డబ్బు, వడగాలులు, ప్రవేశ పరీక్షలు వీటన్నిటినీ దాటుకుని కుటుంబమంతా కలిసి గడపడానికి మిగిలే రోజులు ఏ ఇంట్లోనైనా కొద్దిగానే ఉంటాయి.

గడువు దాటిపోతుందన్న తొందర తెలుగువారి వేసవికి కొత్త కాదు. టెంక గట్టిపడి పులుపు తగ్గని ఆవకాయ కాయ కొన్నాళ్లే దొరుకుతుంది, తాటిముంజ ముదిరితే నోటికి పనికిరాదు. అయితే ఆ గడువు ఊరందరికీ ఒక్కటే కనుక, దాటిపోయినప్పుడు కలిగే విచారం కూడా అందరిదీ అయ్యేది. అందరికీ సమానంగా తప్పిపోయినది మనసును అంతగా గాయపరచదు, గాయపరచేది పోలిక. తన స్థితిని కొలుచుకోవడానికి నికరమైన కొలమానం లేనప్పుడు మనిషి తనవంటి వారితోనే పోల్చుకుంటాడని లియాన్ ఫెస్టింగర్ 1954లో ప్రతిపాదించిన సామాజిక పోలిక సిద్ధాంతం చెబుతుంది. సినిమా తార మాల్దీవులకు వెళ్లినప్పుడు కలగని బాధ, అదే జీతం తీసుకునే సహోద్యోగి ఊటీ వెళ్లినప్పుడు కలగడానికి కారణం ఇదే.

ఈ పోలికలో ఒక లెక్క తప్పు దాగి ఉంది. ఒక వ్యక్తికి ఫోన్‌లో మూడు వందల కుటుంబాల పరిచయం ఉందనీ, వాటిలో ప్రతి కుటుంబమూ ఆ 49 రోజులలో ఒక్కసారి, మూడు రోజుల పాటు మాత్రమే ప్రయాణం చేసిందనీ అనుకుంటే, సగటున ఏ రోజు చూసినా పద్దెనిమిది కుటుంబాలు అరకులోనో మున్నార్‌లోనో ఉన్నట్టు కనబడతాయి. నిజానికి వాటిలో ప్రతి కుటుంబమూ మిగిలిన నలభై ఆరు రోజులు ఇంట్లోనే గడిపింది. వేర్వేరు మనుషుల వేర్వేరు రోజులను కలిపి, వేసవి అంతా విహరించే ఒక మనిషిని చూపరి మనసు సృష్టించుకుంటుంది, ఎక్కడా లేని ఆ మనిషితో తన మంగళవారాన్ని పోల్చుకుని కుంగిపోతుంది. పైగా ఆ మూడు రోజుల చిత్రం కూడా సంపూర్ణం కాదు: ఊటీ, కొడైకెనాల్‌లలో రద్దీ భరించరానిదై, మద్రాసు హైకోర్టు ఆదేశంతో 2024 మే నుంచి వాహనాలకు ఈ-పాస్ తప్పనిసరి చేయవలసి వచ్చింది, ఘాట్ రోడ్డు మీద నిలిచిపోయిన ఆ గంటలను ఎవరూ ఫొటో తీసి పంచుకోరు.

లెక్క తెలిసినంత మాత్రాన ఫోమో అనే ఈ భయం పోదు, ఎందుకంటే దాని వేరు లెక్కలో లేదు. ఆండ్రూ షిబిల్స్కీ బృందం 2013లో ప్రచురించిన అధ్యయనంలో, తన నిర్ణయం తనదే అన్న స్వేచ్ఛ, చేతనవునన్న సమర్థత, నలుగురితో సాన్నిహిత్యం అనే మూడు మానసిక అవసరాలు సరిగా తీరనివారిలో ఈ భయం ఎక్కువగా కనిపించింది. ఈ వెలుగులో చూస్తే వేసవి వెలితికి మందు మరొక ప్రయాణం కాకపోవచ్చు. ఎక్కడికి వెళ్దామని ఎవరూ అడగని పిల్లవాడు, కోచింగ్ హాస్టల్‌లో మే నెలంతా గడిపే విద్యార్థి, చుట్టాలందరూ వచ్చిన ఆనందంలో పొయ్యి దగ్గరే ఉండిపోయే ఇల్లాలు, వీసా చిక్కుల వల్ల రాలేక అమ్మమ్మ ఇంట్లో చేరిన పిల్లల సందడిని వీడియో కాల్‌లో చూసే, అమెరికాలోని డాలస్‌లో ఉండే తెలుగు కుటుంబం, వీరందరికీ లోటైనది కొండ గాలి కాదు. తమ కాలం మీద తమ మాట చెల్లడం, తమవారి మధ్య తమకొక చోటు.

ఈ వెలితికి ఒక పాత మందు ఉంది: పతంజలి యోగశాస్త్రంలోని ఐదు నియమాలలో సంతోషం ఒకటి. అందుబాటులో ఉన్న సాధనాలకు మించి కోరకపోవడమే సంతోషమని వ్యాసభాష్యం వివరిస్తుంది. ఇది తనకు తాను విధించుకునే నియమం, ఎదుటివారికి చేసే బోధ కాదు. మే ఎండలో ఉపాధి హామీ పనికి వెళ్లే తల్లి బిడ్డను పక్క ఊరికైనా తీసుకువెళ్లలేకపోతే అది మానసిక భ్రమ కాదు, నిజమైన లేమి. ఆమెకు తృప్తి గురించి చెప్పడం అన్యాయం. స్తోమత ఉన్నవారికి మాత్రం ఆ నియమం నిజంగా ఉపయోగపడుతుంది: ఇతరుల ఫొటోలు చూడకముందే, ఇంట్లో చిన్నవారితో సహా అందరినీ అడిగి, ఈ వేసవికి ఫలానాది చాలునని నిశ్చయించుకున్న కుటుంబం, వదులుకున్న వాటిని తానే వదులుకుంది గనుక, వాటిని చూసినా అంతగా తల్లడిల్లదు.

ఈ విషయంలో ఉపాధ్యాయుల బాధ్యత కూడా తక్కువది కాదు. జూన్‌లో బడి తెరిచిన మొదటి రోజున సెలవుల్లో ఎక్కడికి వెళ్లారని తరగతి మొత్తాన్ని అడగడం అలవాటుగా వస్తోంది. ఎక్కడికీ వెళ్లని పిల్లలు ఆ నిమిషంలో తల దించుకుంటారు. ఆ ప్రశ్న మానివేసి, సెలవుల్లో ఏం నేర్చుకున్నారో, ఎవరితో ఆడుకున్నారో అడగవలసిందిగా ఉపాధ్యాయులకు విజ్ఞప్తి.