బాగుచేయడమా, తయారుచేయడమా?

పోయిన వేసవి సెలవుల్లో మా ఇంట్లో ఇద్దరు కుర్రాళ్లు ఒక ఇనప పెట్టె దగ్గర గొడవపడ్డారు. అది మా పెదనాన్న మైకుసెట్టులోని యాంప్లిఫయరు. వాల్వులతో పనిచేసే పాతకాలపుది. ఆయన పోయాక చాలా ఏళ్లు అటక మీదే పడి ఉంది.

వేటపాలెం పక్కన మాది ఎరుకల పేట. పెదనాన్న గంపలు, చేటలు అల్లేవాడు. మిరపకోతల కాలంలో ఆ గంపలకి గిరాకీ ఉండేది. అప్పట్లో ఊళ్లో మైకుసెట్టు అద్దెకిచ్చే ఒకాయన అన్ని పెళ్లిళ్లకీ వచ్చేవాడు గానీ మా పేటకి మాత్రం వచ్చేవాడు కాదు. ఒకసారి బయానా తీసుకుని కూడా రాలేదు. ఆ పెళ్లి పాట లేకుండానే జరిగిపోయింది. ఆ తర్వాత పెదనాన్న రెండు మూడు సీజన్లు గంపల డబ్బు కూడబెట్టి, ఎవరో అమ్మేస్తున్న యాంప్లిఫయరు, ఒక హారను కొనుక్కొచ్చాడు. అప్పట్నించి మా పేటలో పెళ్లి అయినా చావు అయినా మా గొంతు ఊరికి వినబడింది.

మా అన్న కొడుకు ఐటీఐ చదువుతున్నాడు. వాడు, "బాబాయ్, తాత పెట్టెని బాగుచేద్దాం" అన్నాడు. నా మేనల్లుడు ఇంటర్మీడియట్. వాడు ఒప్పుకోలేదు.

"మావయ్యా, మనకి ఎప్పుడూ పాతవేగా! బళ్లో ఎవరో చదివేసిన పుస్తకాలు. పండక్కి ఎవరో తొడిగి వదిలేసిన చొక్కాలు. ఆఖరికి మైకుసెట్టు కూడా పాతదే తుడుచుకుని వాడుకోవాలా? నేను కొత్తది చేస్తాను."

నేను ఉపాధ్యాయుణ్ణి. పిల్లలు అడిగినదానికి ఏదో ఒకటి చెప్పడం అలవాటు. ఆ మాటకి మాత్రం నా దగ్గర జవాబు లేదు. కొన్నాళ్లు ఆలోచించాక తోచింది ఇక్కడ రాస్తున్నాను.

నగరాల్లో ఇప్పుడు పాత వాల్వు యాంప్లిఫయర్లని వెతికి మరీ కొనేవాళ్లున్నారు. బోలెడు డబ్బు పోసి బాగుచేయించుకుని హాల్లో పెట్టుకుంటారు. వాళ్లది అభిరుచి అంటారు. అదే పని మన పేటలో చేస్తే లేనితనం అంటారు. పెట్టె అదే, పని అదే, పేరే వేరు. ఎందుకంటే అతను కావాలంటే కొత్తది కొనగలడు. కొనగలిగీ పాతదాన్ని ఎంచుకున్నాడు. మనకి ఆ ఎంపిక లేదు. నా మేనల్లుడి కోపం పాత పెట్టె మీద కాదు, ఎంపిక లేకపోవడం మీద. ఆ కోపం న్యాయమైనదే.

అయితే కొత్తది చేస్తే ఎంపిక వచ్చేస్తుందా? ముందు రెండు పనులూ ఏమిటో చూద్దాం.

వాల్వు యాంప్లిఫయరులో మూడు నాలుగు వందల వోల్టుల కరెంటు తిరుగుతుంది. ప్లగ్గు పీకేసినా పెద్ద కెపాసిటర్లలో అది కాసేపు దాగి ఉంటుంది. తెలియక చెయ్యి పెడితే ప్రాణం పోవచ్చు. ఏళ్ల తరబడి మూలపడ్డ పెట్టెని అటక మీంచి దించి నేరుగా ప్లగ్గులో పెట్టడం ఇంకో తప్పు. ఎండిపోయిన కెపాసిటర్లు షార్టవుతాయి. ఒక వాల్వుకీ ఇంకో వాల్వుకీ మధ్య ఉండే పాత కాగితం కెపాసిటర్లు కారితే, వెళ్లకూడని వోల్టేజి అవతలి వాల్వుకి వెళుతుంది. ఆ వాల్వు లోపలి రేకు ఎర్రగా కాలుతుంది. దానితోపాటు అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరూ కాలిపోతుంది. అది పోతే దొరకడం కష్టం. మోటార్లు చుట్టేవాళ్లు దాన్ని చుట్టలేరు. రెండు వైండింగుల్నీ పొరలు పొరలుగా, ఒకదాని మధ్యలో ఒకటిగా చుట్టాలి. అందుకే తెలిసినవాళ్లు ముందు సిరీస్ బల్బు పెట్టి చూస్తారు. లోపల షార్టు ఉంటే బల్బు నిండుగా వెలుగుతుంది, పెట్టె బతుకుతుంది.

అంటే బాగుచేయడంలో మొదటి పని చేతిది కాదు, ఆగడం. మనకంటే ముందు ఒకడు దీన్ని ఎందుకిలా కట్టాడో అర్థమయ్యేదాకా దేన్నీ పీకకూడదు. అది ఒక రకంగా చదవడమే.

కొత్తది చేయడం వేరు. మన దేశంలో వేలమంది కుర్రాళ్లు ఎల్ఏ4440 అనే చిన్న ఐసీతో మొదటి యాంప్లిఫయరు కట్టుకున్నారు. 12 వోల్టులు చాలు, బ్యాటరీ మీద కూడా నడుస్తుంది. షాకు భయం లేదు. తప్పు చేస్తే పోయేది ఒక ఐసీ. హైదరాబాదు కోఠిలోని గుజరాతీ గల్లీ లాంటి చోట్ల సామాను దొరుకుతుంది. ఇక్కడ ప్రతి నిర్ణయమూ మనదే. హీట్‌సింకు చిన్నదైతే వేడెక్కి ఆగిపోతుంది. ఎర్తు తీగ తప్పు చోట కలిపితే హమ్మింగు వస్తుంది. తిట్టుకోవడానికి పాతవాడెవడూ ఉండడు. మన తప్పు మనకే వినబడుతుంది. ఈ చదువు బాగుచేయడంలో రాదు.

కాబట్టి ఒకటి గొప్ప, ఇంకోటి తక్కువ అనలేను. కానీ రెండింటిలోనూ ఒక్కో అబద్ధం దూరే సందు ఉంది.

బాగుచేసేవాడి అబద్ధం ఇది: కెపాసిటర్లు మార్చి, రెసిస్టర్లు మార్చి, వాల్వులు మార్చి, రంగు వేసి, ఇది తాత పెట్టే అంటాడు. అన్నీ మారాక తాతది ఏం మిగిలింది? దీనికి నాకు మా వేటపాలెం గ్రంథాలయంలో జవాబు దొరికింది. 1918లో మొదలైన సారస్వత నికేతనం అది. దాని భవనానికి 1929లో గాంధీ శంకుస్థాపన చేశారు. అక్కడ పాత పత్రికలు ఇప్పటికీ ఉన్నాయి. కాగితం చిరిగితే అతికిస్తారు, అట్ట పోతే కొత్త అట్ట కుడతారు. అచ్చయిన అక్షరాన్ని మాత్రం ఎవరూ దిద్దరు. యాంప్లిఫయరులో అట్టలాంటిది కెపాసిటరు, అది అరిగిపోయేదే. అక్షరంలాంటిది సర్క్యూటు, ఏ తీగ ఎక్కడికి పోవాలన్న ఆలోచన. ఆలోచనని ఉంచి అరిగినదాన్ని మారిస్తే అది తాత పెట్టే. ఏం మార్చామో దాచకపోతేనే సుమా.

ఒక్కచోట మాత్రం అక్షరాన్ని కూడా దిద్దాలి. పెదనాన్న పెట్టెకి ఎర్తు లేని రెండు పిన్నుల ప్లగ్గు ఉంది. మూడు పిన్నులది పెడితే అసలు రూపం పోతుందని మా అన్న కొడుకు బాధపడ్డాడు. పందిట్లో మైకు స్టాండు పట్టుకునేది పిల్లలు. ఇనప పెట్టెకి కరెంటు పాకితే జ్ఞాపకం వాళ్లని కాపాడదు. మార్చమన్నాను.

తయారుచేసేవాడి అబద్ధం ఇంకోలా ఉంటుంది. కట్టి అమ్మే బోర్డు తెప్పించి, నాలుగు తీగలు కలిపి, పైన పేరు రాసుకుని, నేనే చేశాను అంటాడు. బోర్డు కొనడం తప్పు కాదు. కొన్నదాన్ని చేశాననడం తప్పు. నిజానికి ఒంటరిగా ఎవరూ ఏదీ చేయలేదు. 1947లో ఇంగ్లండులో విలియమ్సన్ అనే ఇంజనీరు తన వాల్వు యాంప్లిఫయరు నమూనాని వైర్‌లెస్ వరల్డ్ పత్రికలో అచ్చువేశాడు. ట్రాన్స్‌ఫార్మరు ఎలా చుట్టాలో కూడా వివరంగా ఇచ్చాడు. అది చూసి ఎన్నో దేశాల్లో మామూలు మనుషులు ఇళ్లలో కట్టుకున్నారు. అదే ఏడాది డిసెంబరులో అమెరికాలో ట్రాన్సిస్టరు పుట్టి, మెల్లగా వాల్వుని పక్కకి నెట్టింది. అయినా ఆ నమూనా చావలేదు, కాగితం మీద ఉంది గనక. సొంతంగా చేసుకోవడం అంటే ఎవరో విప్పి చెప్పినదాన్ని అందుకుని ఇంకో అడుగు వేయడం.

మన సంగతి ఇక్కడే వస్తుంది. మన తాతల మీద నేరస్థ జాతుల చట్టం ఉండేది. 1871లో తెచ్చిన ఆ చట్టం దేశమంతటా రద్దయింది 1952 ఆగస్టు 31న. ఇక్కడికి దగ్గర్లోని స్టువార్టుపురం ఆ రోజుల్లో మన జాతి కోసం పెట్టిన సెటిల్‌మెంటే. మన చేతుల్లో ఏ వస్తువు కనబడినా ఎక్కడిదని అడిగిన కాలం అది. అలాంటివాళ్లకి విప్పి చూపించినవాడెవడు? పెట్టె మూత ఎప్పుడూ మూసే ఉంది. పాడైతే పట్నం పట్టుకెళ్లాలి, ఎంతంటే అంత ఇవ్వాలి.

మా కుర్రాళ్లు పెదనాన్న పెట్టె మూత విప్పితే, లోపలి వైపు ఒక సినిమా కరపత్రం అంటించి ఉంది. దాని వెనక పెన్సిలుతో గీతలు. ఏ వాల్వు ఏ గుంటలో పెట్టాలి, ఏ తీగ ఏ రంగు. ఒకసారి పట్నంలో ఒక మెకానిక్కు మంచి వాల్వు తీసి పాతది పెట్టి పంపాడట. అప్పట్నించి ఆయన గుర్తు పెట్టుకున్నాడని మా పెద్దమ్మ చెప్పింది. పెదనాన్న బడికి వెళ్లలేదు. అంకెలు రాయడం మాత్రం నేర్చుకున్నాడు. గంప అల్లేవాడికి ఏ పుల్ల ఏ పుల్ల కిందుగా పోవాలో తెలుసు. ఆ తెలివితోనే తీగల్ని చదివాడు.

నా మేనల్లుడు ఆ కాగితాన్ని చాలాసేపు చూశాడు. పాత పెట్టె గురించి వాడి మాట మార్చుకోలేదు. కానీ మర్నాడు సోల్డరింగు పట్టుకుని మా అన్న కొడుకు పక్కన కూర్చున్నాడు.

ఇప్పుడు నాకు తోచింది చెబుతాను. ముందు చిన్నది, కొత్తది చెయ్యండి. చేయగలిగినవాడికే పాతదాన్ని బాగుచేయడం ఎంపిక అవుతుంది, చేతకానివాడికి అది గత్యంతరం లేక చేసే పనే. అలాగే ఒక్క పాతదాన్నయినా విప్పి బాగుచెయ్యండి. లేకపోతే కొత్తది చేయడం కొనడంగా మారిపోతుంది. ఏది చేసినా, మీ తర్వాత మూత తీసేవాడి కోసం ఒక కాగితం లోపల అంటించండి. ఏది పాతది, ఏది మార్చారు, ఎందుకు మార్చారు, ఎక్కడ చెయ్యి పెట్టకూడదు. మనకి ఎవరూ చేయని మర్యాద అది. మనం చేయాలి.

ఉపాధ్యాయ మిత్రులకి ఒక మాట. సైన్సు గదిలో పాడైన రేడియో, ఫ్యాను, ఛార్జరు లాంటివి ఉంటే పారేయకండి. వాల్వు సెట్లు, పెద్ద కెపాసిటర్లున్నవి తెలిసిన పెద్దవాళ్లు పక్కన లేకుండా పిల్లలకివ్వకండి. మిగతావి ప్లగ్గు తీసేసి వాళ్ల ముందు పెట్టి, ముందు బొమ్మ గీయమనండి. తర్వాతే స్క్రూడ్రైవరు ఇవ్వండి.

పెదనాన్న పెట్టె ఇప్పుడు పాడుతోంది. కొత్త కెపాసిటర్లు, మూడు పిన్నుల ప్లగ్గు, పాత ట్రాన్స్‌ఫార్మరు. నా మేనల్లుడి 12 వోల్టుల సెట్టు కూడా పాడుతోంది. గట్టిగా పెడితే కొంచెం హమ్మింగు ఉంది, ఎక్కడో వెతుకుతున్నాడు. పెదనాన్న పెట్టె మూత లోపల ఇప్పుడు రెండు కాగితాలున్నాయి, ఒకటి పెన్సిలుది, ఒకటి పెన్నుది. మేనల్లుడి సెట్టులో ఒకటే ఉంది. దాని కింద కొంత ఖాళీ వదిలాడు. ఎందుకురా అంటే, "తర్వాత ఎవరైనా మారిస్తే రాసుకోవాలిగా మావయ్యా" అన్నాడు.